సాలూరు ఘాటీ ఎక్కిన జర్మన్ బండి

ఈసారి రాత కొంచెం పొడుగు. ఆదివారం కదా, టీ పెట్టుకుని చదవండి.

పోయిన నెల మన గ్రూపులో ఓ కుర్రాడు కొత్త బీఎండబ్ల్యూ ఫోటో పెట్టి "జయపురంలో జర్మన్ బళ్ల చరిత్ర ఇప్పుడే మొదలవుతోంది" అని రాశాడు. బండి బావుంది, కుర్రాడి సరదా బావుంది, నేనూ లైకు కొట్టాను. మాట మాత్రం నిజం కాదు. జర్మన్ బండి మన ఘాటీ ఎక్కి అరవై ఏళ్లు ఎప్పుడో దాటింది. కాకపోతే అది కారుగా రాలేదు, లారీగా వచ్చింది.

ఆ మాటకొస్తే జర్మన్లు బండి కంటే ముందే వచ్చారు. 1882 ప్రాంతంలోనే బ్రెక్లుం అనే ఊరి నించి లూథరన్ మిషనరీలు సాలూరుకీ కొరాపుట్‌కీ వచ్చారు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.

మన ఊరి భూగోళం ఒకసారి గుర్తు చేసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మనం విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నాం. సరుకంతా విజయనగరం, సాలూరు వైపు నించే. రాయగడ వాళ్లకి 1930ల మొదట్లోనే రైలొచ్చింది, వాళ్ల దర్జా వేరు. మనకి కొత్తవలస–కిరండూల్ లైను పడింది 1960ల చివర్లో. అంతవరకూ ఉప్పు, కిరసనాయిలు, బట్టలు, ఎండుచేపలు, సిమెంటు, ఏది పైకి రావాలన్నా సాలూరు ఘాటీయే దిక్కు. బియ్యం, కలప, చింతపండు, వలిసెలు కిందకి పోవాలన్నా అదే దారి. సాలూరు దాటి, పి.కోనవలస దాటి, సుంకి గేటు దాటి, పొట్టంగి చేరేసరికి బండి కొన్ని వందల మీటర్ల ఎత్తు ఎక్కేస్తుంది. పక్కనే దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. అక్కడి నించి కొరాపుట్, మళ్లీ ఇంకో ఘాటీ దిగితే జయపురం. అంటే మనూరు రావాలంటే బండికి ఎక్కడమూ రావాలి, దిగడమూ రావాలి. ఈ రెండోది ముఖ్యం. దీని గురించి తరవాత చెప్తాను.

యుద్ధం రోజుల్లో ఈ పక్క బొగ్గు బస్సులు తిరిగేవని మా తాత చెప్పేవాడు. తరవాత పెట్రోలు లారీలు, ఇంగ్లీషువీ అమెరికావీ. అవి ఘాటీ ఎక్కేటప్పుడు క్లీనర్ వెనకాల నడిచేవాడట, చేతిలో రాయి పట్టుకుని. బండి ఆగితే వెంటనే చక్రం కింద పెట్టడానికి. ఎండాకాలం మధ్యాహ్నం పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి నిలిచిపోయేది. పంపు మీద తడిగుడ్డ వేసి, బీడీ కాల్చుకుంటూ కూర్చోవడమే.

1954లో టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడే జంషెడ్‌పూర్‌లో మొదటి లారీ తయారై బయటికొచ్చింది. డీజిల్ ఇంజను, ఆరు సిలిండర్లు, ముందుకి పొడుచుకొచ్చిన బానెట్టు, దాని మీద మూడు కాళ్ల నక్షత్రం. టాటా మెర్సిడెస్-బెంజ్. జనం నోట్లో అది బెంజి లారీ అయిపోయింది. విజయవాడలో బెంజ్ సర్కిల్ ఉంది కదా, ఆ పేరు అక్కడుండే బెంజ్ లారీల కంపెనీ వల్లే వచ్చిందని బెజవాడ వాళ్లు చెప్తారు. ఊళ్లో పెద్ద కూడలికి లారీ పేరు పెట్టుకున్న జాతి మనది!

లారీలకి ఆంధ్రాలో విజయవాడ తరవాత పేరు సాలూరుదే అని ఆ ఊరి వాళ్లు చెప్పుకుంటారు. ఊరికే రాలేదు ఆ పేరు. మచ్‌ఖండ్ కరెంటు, దండకారణ్య ప్రాజెక్టు, సునాబేడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ, వీటన్నిటికీ మోత మోసింది ఆ లారీలే. మన సంఘంలో కనీసం పది కుటుంబాల మొదటి ఆస్తి ఒక లారీ. ఎవరివో మీకే తెలుసు, నేను రాయక్కర్లేదు.

ఆ ఒప్పందం 1969లో అయిపోయింది. బానెట్టు మీద నక్షత్రం పోయి, గుండ్రంలో ఇంగ్లీషు టీ అక్షరం వచ్చింది. ఇంజను అదే, గేరు అదే, మోత అదే. 1210 అంటే 12 టన్నులు, 100 గుర్రాలు అని మా వీధిలో బడి మానేసిన కుర్రాడిక్కూడా తెలుసు.

ఇంకో జర్మన్ మాట మన మెకానిక్కుల నోట్లో ఇప్పటికీ ఉంది, అది జర్మన్ అని వాళ్లకి తెలీదు. మైకో. మైకో పంపు, మైకో నాజిలు, మైకో ప్లగ్గు. అది జర్మనీ బాష్ కంపెనీ 1951లో బెంగుళూరులో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరు, పొట్టిగా. డీజిల్ ఇంజనుకి గుండె ఆ పంపే. మిల్లీమీటరులో ఎన్నో వంతు సందులోంచి డీజిలుని నలిపి సిలిండరులోకి కొట్టాలి. దాన్ని విప్పి సరిచేసి బిగించగలవాణ్ణి "పంపు మేస్త్రీ" అని ప్రత్యేకంగా పిలిచేవాళ్లు, ఓనర్లు కూడా ఆయన్ని గారు అనేవాళ్లు.

ఇక అసలు కార్ల సంగతి. మనవాళ్లు బెంజి లారీతో ఘాటీ ఎక్కుతున్న రోజుల్లో అక్కడ జర్మనీలో ఏం జరుగుతోందో చూడండి. 1959 డిసెంబరులో బీఎండబ్ల్యూ దాదాపు అమ్ముడుపోయింది. కొనబోయింది ఎవరనుకున్నారు? ఇదే డైమ్లర్-బెంజ్. వాటాదారుల సమావేశంలో చిన్న వాటాదారులూ డీలర్లూ ఎదురు తిరిగి ఆపేశారు. తరవాత హెర్బర్ట్ క్వాంట్ అనే ఆయన సొంత డబ్బు పెట్టి కంపెనీని నిలబెట్టాడు. రెండేళ్లకి, 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 1500 అనే నాలుగు తలుపుల కారు చూపించారు. చూడ్డానికి సంసారపక్షం కారు. తోలితే మాత్రం వేరు. ముందర చురుకైన ఇంజను, చక్రాలు తిప్పేది వెనకనించి, నాలుగు చక్రాలూ దేనికది విడిగా ఆడతాయి. అదే జాతిలో 1968లో 2002 వచ్చింది. దాని పుట్టుక సరదాగా ఉంటుంది: ఇంజన్లు గీసే ఫాల్కెన్‌హాసెన్ తన సొంత చిన్న కారులో రెండు లీటర్ల ఇంజను పెట్టించుకున్నాడు. అదే కంపెనీలో ఇంకో పెద్దాయన కూడా, ఈయనకి తెలీకుండా, అదే పని చేశాడు. ఒకరి గుట్టు ఒకరికి తెలిశాక ఇద్దరూ కలిసి కంపెనీని ఒప్పించారు.

అక్కడినించి ఇంక వరస. 1975లో 3 సిరీస్. బెంజి వాళ్లు 1983లో 190 అనే చిన్న సెడాన్‌కి ఇంగ్లండు కాస్‌వర్త్ వాళ్లతో 16 వాల్వుల హెడ్ చేయించారు. మరుసటేడు మే నెలలో నూర్‌బర్గ్‌రింగ్ కొత్త ట్రాకు ప్రారంభానికి పేరున్న డ్రైవర్లందరికీ అవే కార్లిచ్చి పందెం పెడితే, అప్పటికింకా కుర్రాడైన సెన్నా గెలిచాడు. బీఎండబ్ల్యూ 1985లో ఎం5, మరుసటేడు ఎం3. ఆపీసుకెళ్లే కారులోనే పందెం కారు దాచడం, ఇదీ వాళ్ల విద్య. మన దగ్గర అప్పుడు అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. విదేశీ కారు కావాలంటే ఎంబసీల వాళ్లు వదిలేసినవి ప్రభుత్వం వేలం వేస్తే కొనుక్కోవాలి. ఢిల్లీ, బొంబాయి వాళ్లకి కుదిరేది. జయపురానికి ఎక్కడ?

అందుకే ఆ కార్లు తోలిన మనవాళ్లు మొదట బయటి దేశాల్లోనే ఉన్నారు. మా పెద్దత్త కొడుకు రూర్కెలాలో చదువుకుని 1988లో అమెరికా వెళ్లాడు. తండ్రిది సాలూరు–జయపురం లారీ. అక్కడ 1993లో ఆరేళ్ల పాతది, 325ఐ, మాన్యువల్ గేరుది కొన్నాడు. పెళ్లికాని రోజులు. మంచు కాలంలో వెనక చక్రాలు జారకుండా డిక్కీలో ఇసక బస్తాలు వేసుకుని తిరిగేవాడట. "మీ నాన్న లారీలో బియ్యం బస్తాలు, నీ కారులో ఇసక బస్తాలు" అని మా అత్త ఫోనులో దెప్పేది. టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో ఒక రోడ్డుంది, 11 మైళ్లలో 318 మలుపులు. అక్కడికి ఆ కారు వేసుకెళ్లి వచ్చి నాకు ఫోను చేశాడు. "ఎలా ఉంది బావా?" అన్నాను. "మన ఘాటీయేరా. మలుపులున్నాయి గాని గేదెల్లేవు, బ్రేకు పోయిన లారీ ఎదురొస్తుందన్న భయం లేదు. అందుకేనేమో సగం మజాయే వచ్చింది" అన్నాడు.

అదే మాట ఇంకోలా కూడా చెప్పాడు. అది నాకు బాగా గుర్తు. "స్టీరింగులోంచి రోడ్డు చేతికి తెలుస్తాదిరా. నాన్న లారీ పక్కసీటులో కూచుని తెలుసుకున్నది నాకు మళ్లీ ఆ కారులోనే తెలిసింది." ఆ కారు 1999లో పిల్ల పుట్టాక అమ్మేశాడు. కొన్నవాడి నంబరు ఇప్పటికీ దాచుకున్నాడు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. బావ అక్కడ అలా తిరుగుతుంటే, ఇక్కడ సంతకి పోయే జనం కూడా జర్మన్ సెడాన్ ఇంజను మీదే తిరిగారు. నవ్వకండి. బజాజ్ టెంపో వాళ్ల ట్రాక్స్ గుర్తుందా? పదిమంది కూర్చోవలసిన దాంట్లో పాతికమంది, పైన కోళ్ల గంపలు, వెనకాల వేళ్లాడుతూ ఇద్దరు. బొరిగుమ్మ, నవరంగపూర్, కుంద్రా, ఎటు వెళ్లాలన్నా అదే. దాంట్లో ఉండేది ఓఎం 616 అనే 2.4 లీటర్ల డీజిల్ ఇంజను. 1970ల్లో మెర్సిడెస్ 240డి కారులో పెట్టింది అదే. జర్మనీలో టాక్సీలుగా లక్షల మైళ్లు తిరిగి పేరు తెచ్చుకున్న కారు అది. లైసెన్సు మీద ఇక్కడ తయారై మన ట్రాక్సుల్లోకొచ్చింది. కాబట్టి మన గిరిజన సంతలకి బెంజి వచ్చింది హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్ల కంటే ముందే.

1994లో మెర్సిడెస్ వాళ్లు టాటాలతో కలిసి పుణెలో కంపెనీ పెట్టారు. మరుసటేడు నించి డబ్ల్యూ 124 అనే కారు బిగించడం మొదలెట్టారు. తమాషా ఏంటంటే జర్మనీలో ఆ సెడాన్ తయారీ ఆపేసింది కూడా ఆ 1995లోనే. వాళ్లకి పాతదైంది మనకి కొత్తది. అయినా పాతదని తీసిపారేసే కారు కాదది. దీని అన్న 500ఈ అని ఒకటుంది, ఐదు లీటర్ల వీ8, పోర్షే వాళ్ల ఫ్యాక్టరీలో బిగించినది. మనకొచ్చినవి ఇ 220 పెట్రోలు, ఇ 250డి డీజిలు. 250డి ని స్పోర్ట్స్ కారు అంటే బావ నవ్వుతాడు. బయలుదేరడానికి ముహూర్తం పెట్టుకోవాలి. కానీ 500ఈ కీ దీనికీ చొక్కా ఒకటే. కింద వెనక చక్రాన్ని ఐదు ఊచలతో పట్టి ఉంచే పద్ధతీ ఒకటే.

ఓపెల్ ఆస్ట్రా 1996లో వచ్చింది. తరవాత స్కోడా ఆక్టేవియా, పేరుకి చెక్ కారు గాని ఫోక్స్‌వాగన్ ఇంట్లో బిడ్డే. బీఎండబ్ల్యూ 2007లో చెన్నై దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. ఫోక్స్‌వాగన్ అయితే 2005 ప్రాంతంలో మన విశాఖకే వచ్చేస్తుందన్నారు. మధ్యలో ఒక సంస్థకి ప్రభుత్వం ముందుగా కట్టిన సుమారు 11 కోట్లు గొడవై, సీబీఐ దర్యాప్తు దాకా పోయి, ఆఖరికి ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌లో 2009లో తెరిచారు. అప్పట్లో విశాఖలో ఉద్యోగం వస్తుందని ఐటీఐలో చేరిన మన కుర్రాళ్లు ఇద్దరు నాకు తెలుసు. ఒకడు తరవాత చాకనే వెళ్లాడు.

ఇప్పుడు మన ఊరి కారు దగ్గరికొస్తాను. 2006లో మా వీధి కాంట్రాక్టరు బాబాయి హైదరాబాద్‌లో 1996 నాటి 250డి కొన్నాడు, కొత్త స్విఫ్ట్ ధరకి. తెల్లది. ఆయన పేరు, ఇంటి పేరు రాయొద్దని పిన్ని చెప్పింది, రాయడం లేదు. ఆ కారు ఘాటీ ఎక్కిన కథ మన సంఘంలో అందరికీ తెలుసు. బాబాయే చెప్పేవాడు ప్రతి పెళ్లిలోనూ. వర్షం, రాత్రి, పొగమంచు, ఎదురుగా లారీలు, బండి మాత్రం పట్టు మీద నడిచినట్టు వచ్చిందని. ఆయన చెప్పనిది ఏంటంటే, తోలింది ఆయన కాదు. వెనక సీట్లో పడుకుని వచ్చాడు.

తోలినాయన సాలూరు మనిషి. 1957లో పదిహేనేళ్ల వయసులో క్లీనరుగా బెంజి లారీ ఎక్కాడు. తరవాత డ్రైవరు. బాబాయి దగ్గర ముప్పై ఏళ్లు చేశాడు. నేను ఈమధ్య సాలూరు వెళ్లి ఆయన్ని కలిశాను. ఎనభై దాటాయి, ఒక కన్ను సరిగ్గా కనబడదు, చెవులు మాత్రం చురుకు. ఇంజను మాట్లాడితే వినడం ఆయన ఉద్యోగం కదా.

ఆ రోజు హైదరాబాద్‌లో కారు చూడగానే ముందు ఏం చేశావు అనడిగాను. "బానెట్టు మీద చుక్క ఉంది గదా బాబూ, దాన్ని తుడిచాను" అన్నాడు. "నా లారీకి ఉండేది. తీసేసినప్పట్నించి మళ్లీ నా చేతికింద చూళ్లేదు." లెక్క వేశాను. ముప్పైయ్యేడేళ్లు.

ఘాటీ గురించి ఆయన చెప్పినవి బాబాయి కథలో లేవు. ఎక్కడంలో ఆ కారు గొప్పేం కాదట, "మన 1210 లాగే, మెల్లగా, కోపం లేకుండా" అన్నాడు. గొప్పంతా దిగడంలో. కొరాపుట్ దాటి జయపురం వైపు దిగుతున్నప్పుడు రెండో గేరులో వదిలి కాలు పక్కన పెట్టుకున్నాడట. నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులున్నా బ్రేకుని నమ్మలేదు. "బ్రేకు ఆగడానికి బాబూ, దిగడానికి గేరు. ఎక్కిన గేరులోనే దిగాల. ఇది జర్మనీవోడు చెప్పలేదు, మా గురువు చెప్పాడు." ఎందుకంటే లారీ రోజుల్లో డ్రమ్ము బ్రేకులు కాలి, వాసనొచ్చి, తరవాత పట్టు వదిలేసేవి. డీజిలు మిగులుద్దని న్యూట్రల్ వేసి దిగిన వాళ్లలో కొందరి పేర్లు ఆయన వేళ్ల మీద చెప్పాడు. తిరిగి రాని వాళ్ల పేర్లు. ఏ మలుపో కూడా చెప్పాడు. తొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయాడు, నేను ఇంక అడగలేదు.

ఈ సంగతి ఎందుకింత పొడుగ్గా రాస్తున్నానంటే, మన సంఘం సావనీరులో "మన ఊరి పాత బళ్లు" అని నాలుగు పేజీలు వేస్తున్నాం. వచ్చిన ఫోటోలు చూశాను. ప్రతి ఫోటోలోనూ ఓనరు బండి ముందు నిలబడి ఉన్నాడు, తలుపు పట్టుకుని. డ్రైవరు ఒక్క దాంట్లో ఉన్నాడు, అదీ సగం. కింద "ఓనరు ఫలానా" అని. కమిటీలో ఒక పెద్దాయన "డ్రైవర్ల పేర్లు మొదలెడితే ఎక్కడ ఆగుతాం?" అన్నారు. నాకు ఆయనంటే గౌరవమే. కానీ ఇది చరిత్ర అని పేరు పెట్టి వేస్తున్నాం. కొన్నవాడి పేరు ఆర్‌సీ పుస్తకంలో ఎలాగూ ఉంటుంది. తోలినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఘాటీలో పోయినవాడి పేరైతే, ఆ ముసలాయన వేళ్ల మీద తప్ప ఎక్కడా లేదు. నాలుగు పేజీలు చాలకపోతే ఆరు చేద్దాం, ఆ రెండింటి ఖర్చు నేను పెట్టుకుంటాను. ఆయన పేరు ఇక్కడ ఎందుకు రాయలేదంటారా? "ఫేసుబుక్కులో వద్దు బాబూ, అచ్చు పుస్తకంలో అయితే వెయ్యి" అన్నాడు.

తొందర ఎందుకో కూడా చెప్తాను. రాయపూర్ నించి విశాఖ పక్కన సబ్బవరం దాకా ఆరు వరసల కొత్త రోడ్డు పడుతోంది, సుమారు 465 కిలోమీటర్లు, కొండల్లో సొరంగాలతో. అది పూర్తయితే మోత బళ్లు చాలావరకు అటే పోతాయి. ప్రాణాలు దక్కుతాయి, మంచిదే, ఘాటీ మీద ప్రేమతో ఎవరూ కొత్త రోడ్డు వద్దనకూడదు. కానీ ఏ మలుపుకి ఎందుకా పేరొచ్చిందో చెప్పేవాళ్లు మాత్రం ఇంకెన్నాళ్లు ఉంటారు?

ఇక కారు. బాబాయి పోయాక ఏళ్లుగా టార్పాలిన్ కింద ఉంది. కొడుకు బెంగుళూరులో, పాత ఇనుము కింద ఇచ్చేద్దామంటాడు. అతని లెక్కా తప్పు కాదు. పదిహేనేళ్లు దాటిన కారుకి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించే రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నించి 5000 అయింది. ఆలస్యానికి జరిమానా వేరు, టైర్లు వేరు, పని వేరు. పిన్నికి ఇవ్వాలని లేదు. మొన్న నన్ను పిలిచి "తిరుగుతాదా లేదా అన్నది ఒక్కటీ తేల్చండి, తరవాత వాడితో నేను మాట్లాడతాను" అంది.

సాలూరుకి ఫోను చేస్తే ఆయన బస్సెక్కి వచ్చేశాడు, మనవణ్ణి తోడు తీసుకుని. టార్పాలిన్ తీశాం. బానెట్టు ఎత్తి, గొట్టాలు నొక్కి చూసి, ఆయిలు పుల్ల తీసి వాసన చూశాడు. ఎలకలు ఒక వైరు కొరికాయి, పెద్దదేం కాదన్నాడు. నేను కొత్త బ్యాటరీ తెప్పించి తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకు ఆపేశాడు. ట్యాంకులో ఇన్నేళ్ల డీజిలు ఉంది, అది పంపులోకి వెళ్తే పంపు పోతుంది, ముందు అంతా తీసెయ్యాలి, ఫిల్టరు మార్చాలి, అప్పుడే తాళం అన్నాడు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి తీయిస్తున్నాం. ఆయన మళ్లీ వస్తున్నాడు. డ్రైవర్ల ఫోటోలు, లైసెన్సులు, ట్రిప్ షీట్లు ఏవున్నా పట్టుకు రండి, అక్కడే ఫోనుతో తీసుకుని ఇచ్చేస్తాను. కింద పేరెవరిదో పెన్సిలుతో రాసి ఉంచండి. ట్యాంకులో యాభై లీటర్ల దాకా ఉండొచ్చు, ఖాళీ డబ్బాలున్నవాళ్లు తలా ఒకటి తెండి.